చక్రానికి ఎన్ని కొలతలు?

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, తెలుగు అధ్యాపకుణ్ణి కాబట్టి వేమననో, మొల్లనో, అష్టదిగ్గజాలనో గురించి వ్రాస్తానని వారు భావించి ఉంటారు. వారి ఆశను భంగపరచవలసి వచ్చినందుకు క్షంతవ్యుణ్ణి. ఈ యేడు నా ఆలోచన ఒక సైకిలు చక్రం చుట్టూ తిరుగుతున్నది. కొండదారులలో, రాళ్లబాటలలో నడపడానికి లావు టైర్లతో, గేర్లతో వచ్చే సైకిలును మౌంటెన్ బైకు అంటున్నారు. మన పిల్లలు దానిని గేరు సైకిలు అంటారు. ఆ సైకిలు చక్రానికి ఇప్పుడున్న కొలతలు చాలవా, మళ్లీ కొత్తవి కావలెనా అన్నది లోకంలో చాలాకాలంగా నడుస్తున్న ఒక చర్చ. అది కలవారి దేశాల వినోదవిషయం కదా, కర్నూలులో మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకొన్నాను. మన విద్యార్థి ఒకడు తొమ్మిది రోజులు తరగతికి రాలేకపోయిన తరువాత నా అభిప్రాయం మారినది.

ఈ విషయం మీద మాట్లాడడానికి నాకున్న అర్హతను ముందుగా చెప్పుకోవలె. మా అబ్బా కర్నూలు పాతబస్తీలో ముప్పయ్యేళ్లు సైకిలు దుకాణం నడిపినారు. గంటల లెక్కన సైకిళ్లు అద్దెకు ఇవ్వడం, పంచరు వేయడం, రిమ్ముకు బెండు తీయడం ఆయన వృత్తి. నేను ఓనమాలూ, అలిఫ్-బేలూ దిద్దిన వయస్సులోనే పానాల సైజులు కూడా నేర్చుకొన్నాను. దుకాణం గోడకు రెండు పెద్ద మేకులు ఉండేవి. ఒకదానికి 28 × 1½ టైర్లు, రెండవదానికి 26 × 1⅜ టైర్లు వ్రేలాడేవి. పాలవాని సైకిలుకైనా, తపాలా బంట్రోతు సైకిలుకైనా, బడిపంతులు సైకిలుకైనా మొదటి మేకు చాలు. సన్న టైర్ల సైకిళ్లకు రెండవ మేకు. ఆ సైకిలు లూధియానా హీరో వారిదా, సోనిపట్ అట్లాస్ వారిదా, మద్రాసు హెర్క్యులిస్సా అని అబ్బా అడిగేవారు కారు. చేసినవాడు ఎవడైనా చక్రం కొలత ఒక్కటే. ఓర్వకల్లు వైపు నుంచి వచ్చిన రైతు టైరు మార్పించుకొని, టీ త్రాగి, పొద్దు గూకకముందే ఇల్లు చేరేవాడు. ఆ రెండు మేకుల విలువ నాకు చాలాకాలం తెలియలేదు.

2019లో జరిగిన సంగతి చెపుతాను. బేతంచెర్ల దగ్గరి ఒక పల్లె నుంచి మన కళాశాలకు వచ్చే విద్యార్థి ఒకడు ఉండేవాడు. అతని ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డుకు ఏడు కిలోమీటర్లు. దారి పొడుగునా నాపరాయి గనుల వ్యర్థం. బెంగుళూరులో పనిచేసే బంధువు ఒకరు తాము వాడి విడిచిన గేరు సైకిలును అతనికి ఇచ్చినారు. అటువంటి దారికి అటువంటి సైకిలే తగినదని చెప్పక తప్పదు. అయితే ఒకనాడు కత్తివలె నిలిచిన రాతిచెక్క ఒకటి ముందు టైరును ప్రక్కగా చీల్చివేసినది. ఆ కుర్రవాడు ముందు చక్రాన్ని ఊడదీసి, బస్సులో పెట్టుకొని, నేరుగా నా దగ్గరికి వచ్చినాడు. “సార్, మీ నాయనగారిది సైకిలు షాపంట గదా” అన్నాడు.

నాకు గర్వం కలిగినది. ఎమ్మే చదివినా కులవృత్తి మరువలేదని చూపించే అవకాశం దొరికినట్లయినది. దుకాణం మూతపడి అప్పటికి ఐదేళ్లు. అయినా చేతికి టేపు తీసుకొని చక్రాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచినాను. ఇరవయ్యేడు అంగుళాలు, కొంచెం ఎక్కువ. ఊరిలో ఇద్దరమూ కలిసి మూడు దుకాణాలు తిరిగినాము. ఇరవయ్యారు అంగుళాల లావు టైరు ఉన్నది. పెట్టి చూస్తే ఎక్కలేదు. ఇరవయ్యేడు ఎక్కడా లేదు. అప్పుడు హైదరాబాదులోని ఒక వ్యాపారికి ఫోను చేసి, “ఇరవయ్యేడు అంగుళాల టైరు ఒకటి పంపండి” అన్నాను. నాలుగవ రోజున పార్సెలు వచ్చినది. విప్పి చూస్తే 27 × 1¼ అని అచ్చుపడిన సన్నని టైరు. రిమ్ము మీద పెడితే పసిపిల్ల చేతికి తొడిగిన తల్లి గాజువలె వ్రేలాడినది. వ్యాపారి తప్పేమీ లేదు. అడిగినదే పంపినాడు.

ఆ సాయంకాలం చక్రాన్నీ, చిరిగిన పాత టైరునూ పట్టుకొని అబ్బా దగ్గరికి వెళ్లినాను. ఆయన చూపు అప్పటికే మసకబారినది. తడిగుడ్డ తెమ్మని, పాత టైరు ప్రక్కభాగాన్ని తుడిచి, బొటనవ్రేలితో మెల్లగా తడిమినారు. అక్షరాలు అరిగిపోయినా వాటి ఉబ్బు మిగిలి ఉన్నది. “ఐదు, ఎనిమిది, నాలుగు” అని చదివినారు. తరువాత నా వైపు తిరిగి, “బేటా, నీవు చక్రాన్ని బయటినుంచి కొలిచినావు. టైరు కూర్చునేది లోపల కదా. బయటి కొలత అరిగేకొద్దీ మారుతుంది. లోపలిది మారదు” అన్నారు. ఎత్తిపొడుపు లేదు. దుకాణంలో పని నేర్చుకొనే కుర్రవానికి చెప్పినట్లే చెప్పినారు.

సరియైన టైరు తొమ్మిదవ రోజున వచ్చినది. ఈ తొమ్మిది రోజులూ ఆ విద్యార్థి నడిచి రోడ్డుకు వచ్చేసరికి మొదటి బస్సు దాటిపోయేది. తరువాతి బస్సుకు వస్తే ఉదయపు తరగతులు ముగిసేవి. వేరుసెనగ పెరికే రోజులలో ఇంటి పనికి ఆగినందువల్ల అతని హాజరు అంతకుముందే అంచున ఉన్నది. ఆ తొమ్మిది రోజులతో నూటికి డెబ్బది అయిదు కన్న దిగజారినది. పరీక్షకు కూర్చోవడానికి అతడు కట్టిన రుసుము టైరు వెలకన్న ఎక్కువ. తొందరపాటు నాదని ఒప్పుకొని సగం నేను కట్టబోతే వద్దన్నాడు. “మీ తప్పు కాదు సార్, ఆ సైజులే అట్లున్నాయి” అన్నాడు. అతని మాటలో సగం నన్ను ఓదార్చడానికి అన్నది. మిగిలిన సగం నిజం. ఆ నిజమేమిటో తెలుసుకోవాలని నేను చదవడం ప్రారంభించినాను.

సైకిలు టైరుకు అంతర్జాతీయంగా ఒప్పుకొన్న కొలత ఒకటి ఉన్నది. దానిని ఐ.ఎస్.ఓ. 5775 అంటారు. అందులో రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు. రెండవది టైరు అంచులోని తీగ రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. మా అబ్బా తడిమి చదివినది ఈ రెండవ సంఖ్యనే. దానిని నమ్ముకొన్నవాడు మోసపోడు. అంగుళాల పేర్లను నమ్ముకొన్నవాడు నావలె చిక్కుల్లో పడతాడు. మౌంటెన్ బైకుల పాత చక్రం పేరు 26. దాని అసలు కొలత 559 మిల్లీమీటర్లు. నడిమి చక్రం పేరు 27.5, కొలత 584. పెద్ద చక్రం పేరు 29, కొలత 622. నేను తెప్పించిన 27 × 1¼ టైరు కొలత 630. అంటే 27.5 కన్న 27 పెద్దది! మా గోడమీది మొదటి మేకుకు వ్రేలాడిన 28 × 1½ టైరు కొలత 635. కనుక మన తాతల నాటి 28 అంగుళాల రిమ్ము, ఈనాడు కొత్తదని పేరుపొందిన 29 అంగుళాల రిమ్ముకన్న పదమూడు మిల్లీమీటర్లు పెద్దది. లావు టైరు తొడిగిన తరువాతనే 29 అనే పేరుకు అర్థం వస్తుంది.

ఇంకొక వింత చూడండి. 559కీ 622కీ సరిగ్గా నడుమ ఉండే కొలత కావలెనంటే 590½ రావలె. 27.5 అన్న పేరు వింటే సరిగ్గా నడిమిదే అనిపిస్తుంది. కాని దాని 584, పాత 26కు ఒక్క అంగుళం మాత్రమే పెద్దది. అసలు నడిమి కొలతకు అత్యంత సమీపంలో ఉన్నది 590. అది మా దుకాణం రెండవ మేకుకు వ్రేలాడిన 26 × 1⅜ టైరు కొలత! పాత ఆంగ్లేయుల పద్ధతిలో 26 × 1½ అని వ్రాసిన టైరు 584. అంటే ఈనాటి 27.5. ఒకే ఇరవయ్యారు పేరుతో మూడు వేర్వేరు కొలతలు ఉన్నాయన్నమాట. అమెరికాలో షెల్డన్ బ్రౌన్ అనే మెకానిక్కు 2008లో చనిపోయేవరకు ఇటువంటి చిక్కుముడులను సామాన్యులకు విప్పి చెప్పినాడు. లెక్కకు సమానమైన రెండు సైజులలో ఒకటి దశాంశంలో, మరొకటి భిన్నంలో ఉంటే ఆ టైర్లు ఒకదాని స్థానంలో మరొకటి పనికిరావని ఆయన సూత్రీకరించినాడు. లెక్కల ఉపాధ్యాయులు క్షమించాలి. సైకిలు దుకాణంలో 1.75, 1¾ ఒకటి కావు.

ఇంతకూ 26 అంగుళాల లావు చక్రం ఎట్లా వచ్చినది? ఎవరో పండితులు కొండదారిని పరిశీలించి నిర్ణయించినది కాదు. ష్విన్ కంపెనీ 1933లో అమెరికాలో బెలూన్ టైర్ల సైకిలును ప్రవేశపెట్టినది. 1970వ దశకంలో కాలిఫోర్నియా మెరీన్ ప్రాంతపు యువకులు ఆ పాత సైకిళ్లను చవకగా సంపాదించి టమల్పాయస్ కొండ చుట్టుప్రక్కల దారులలో దిగువకు తోలేవారు. 1976లో అక్కడ పందేలు మొదలైనవి. వెనుకకు త్రొక్కితే పడే ఆ బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు పొగయ్యేదట. ప్రతి దిగుడు తరువాత మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది. ఆ కొండబాటకు ‘రీప్యాక్’ అన్న పేరు అందువల్లనే వచ్చినది. 1977లో జో బ్రీజ్ ఆ పనికోసమే కొత్త ఫ్రేములు చేసినప్పుడు కూడా చక్రం ఆ పాతదే. చేతికి దొరికినదే ప్రమాణమయినది. కాబట్టి 26 పవిత్రమైన సంఖ్య అనీ, దానిని ముట్టుకోరాదనీ వాదించడం నాకు ఇష్టం లేదు.

పెద్ద చక్రం వల్ల లాభం లేదని కూడా నేను అనను. ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున్న రాయి దారికి అడ్డంగా ఉన్నదనుకొందాం. 53 మిల్లీమీటర్ల టైరు తొడిగిన 26 చక్రానికి, దాని ఇరుసు నుంచి రాతి అంచుకు గీసిన గీత నిట్టనిలువుతో సుమారు 41 డిగ్రీల కోణం చేస్తుంది. 29 చక్రానికి సుమారు 39 డిగ్రీలు. ఈ కోణం తగ్గినకొద్దీ రాయిని ఎక్కడం సులభం. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. రాయి వెంట రాయి వచ్చే దారిలో ఆ రెండు డిగ్రీలు మోకాళ్లకు తెలుస్తాయి. మన పెద్దలకు ఇది తెలియనిది కాదు. గులకరాళ్ల వంకలు దాటవలసిన ఎద్దులబండికి వారు పెట్టుకొన్నది నిలువెత్తు చక్రాలే. అయితే పెద్ద చక్రం బరువెక్కువ, తిరగడానికి బద్ధకిస్తుంది, పొట్టివారికి అమరదు. లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది.

29 అంగుళాల కొండటైరు 1999లో వచ్చినది. 2012లో స్విట్జర్లాండు దేశపు నీనో షుర్టర్ 27.5 చక్రాలతో ప్రపంచకప్పు పందెం గెలిచినాడు. అదే యేడు లండన్ ఒలింపిక్సులో అతనికి రజతం, 29 చక్రాలతో వచ్చిన చెక్ దేశపు యారొస్లావ్ కుల్హావీకి స్వర్ణం లభించినవి. తేడా స్వల్పం. ఆ పందెంతో చక్రాల తగవు తీరలేదు. 2025 నాటికి 32 అంగుళాల చక్రాలను కూడా పరీక్షిస్తున్నారు. పందెంగానికి అది మంచిదే కావచ్చు. సెకనులో భాగం కోసం ప్రాణం పెట్టేవాడు కొత్త చక్రం కోరడం సహజం.

నా ప్రశ్న పందెం ముగిసిన తరువాతిది. పందెం సైకిలు మూడేళ్లకు సంత సైకిలవుతుంది. ఐదేళ్లకు బంధువుల చేతికి వస్తుంది. ఎనిమిదేళ్లకు బేతంచెర్ల ప్రక్కన పల్లెకు చేరుతుంది. కొత్త కొలత పుట్టినప్పుడు దాని లాభం మొదటి యజమానికి. అది పాతబడినప్పుడు దాని కష్టం చివరి యజమానికి. ఆ చివరి యజమానిని కొలత నిర్ణయించే బల్ల దగ్గరికి ఎవరూ పిలవరు.

దుకాణదారు సంగతి కూడా ఆలోచించండి. అబ్బా గోడకు రెండు మేకులు చాలినవి. ఆ తరువాత 559 వచ్చినది, 584 వచ్చినది, 622 వచ్చినది. పిల్లల సైకిళ్ల కొలతలు వేరు. ప్రతి మేకుకు పెట్టుబడి కావలె. అమ్ముడుపోని టైరు మన ఎండకు ఊరకుండదు; వేసవిలో నలభై రెండు డిగ్రీల వేడికి రబ్బరు బిగిసి, ప్రక్కలు నెరలు విచ్చుతాయి. చిన్న దుకాణదారుకు అది గోడమీద ఎండిపోయే డబ్బు. అబ్బా దుకాణం 2014లో మూతపడడానికి మోటారు సైకిళ్లు మొదటి కారణం. కాని చివరి యేళ్లలో “ఆ సైజు లేదు నాయనా” అని చెప్పి పంపవలసి వచ్చినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. ముప్పయ్యేళ్లలో ఆ మాట ఆయన అంతగా అనవలసి రాలేదు.

అట్లని కొలతలు మారకూడదా? మారవచ్చు. మన దేశంలో శేరు, మానిక, తూము ఊరూరికీ వేరుగా ఉండేవి. 1956లో తూనికల, కొలతల చట్టం వచ్చి దేశమంతటికీ ఒకే కిలోగ్రాము, ఒకే మీటరు నిర్ణయించినది. అంగడిలో అమాయకుడికి దానివల్ల మేలే జరిగినది. అట్లాగే సికింద్రాబాదు నుంచి కర్నూలు మీదుగా ద్రోణాచలం పోయే రైలుమార్గం ఒకప్పుడు మీటరు గేజి. పట్టాల నడుమ వెడల్పు 1000 మిల్లీమీటర్లు. 1990వ దశకంలో దానిని 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజికి మార్చినారు. పట్టాలు మార్చినది రైల్వే. పెట్టెలు మార్చినది రైల్వే. ప్రయాణికుడు తన చెప్పుల సైజు మార్చుకోవలసిన పని పడలేదు! కొలత మార్చినవాడే ఆ మార్పు బరువును మోసినాడు. సైకిలు చక్రం విషయంలో మార్చేవాడు ఒకడు, మోసేవాడు మరొకడు.

ఎద్దులబండి చక్రానికి ఊరి వడ్రంగి చేతికర్రే కొలత. ఒక ఊరి చక్రం మరొక ఊరి బండికి సరిపోకపోయినా బాధ లేదు. చేసినవాడే బాగుచేసేవాడు, పిలిస్తే పలికే దూరంలో ఉండేవాడు. కర్మాగారపు వస్తువు అట్లా కాదు. చేసినవాడు ఎక్కడో, వాడేవాడు ఎక్కడో, బాగుచేసేవాడు ఇంకెక్కడో. వీరు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూడరు. వారి నడుమ మిగిలిన మాట ఒక్క కొలతే. “నీకు పదేళ్ల తరువాత టైరు కావలసి వస్తే దొరుకుతుంది” అని ముఖం తెలియని మనిషికి ఇచ్చిన మాట అది. కొలత మార్చడం తప్పు కాదు. మాట తప్పడం తప్పు.

కాబట్టి కొండ సైకిళ్లకు కొత్త చక్రపు కొలతలు కావలెనా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. ఉన్న మూడు కొలతలు మన దారులకు చాలు. నాలుగవది రావలసిందే అయితే, దానిని తెచ్చేవారు పాత మూడింటి టైర్లనూ, రిమ్ములనూ చేయడం మానరాదు. అంగుళాల అలంకారపు పేర్లు విడిచి, టైరు మీదా, రిమ్ము మీదా, ఫ్రేము మీదా మిల్లీమీటర్ల సంఖ్యను అరగని పెద్ద అక్షరాలతో వేయవలె. మసకచూపు ముసలివాడు బొటనవ్రేలితో చదువగలిగేటట్లు వేయవలె. కొత్త చక్రం కన్న మనకు ఇది ముందు అవసరం.

మన కళాశాల పాలకవర్గం వారికి ఒక చిన్న మనవి. సైకిలు స్టాండులో ఒక పంపు, పంచరు సామాను, నాలుగు పానాలు ఉంచితే పెద్ద ఖర్చు కాదు. ప్రక్కన గోడమీద ఈ సంఖ్యల పట్టిక ఒకటి వ్రాయిస్తే, దానిని ఉర్దూలోనూ, తెలుగులోనూ వ్రాసే పని నేను చేస్తాను. అంకెలు చెప్పడానికి మా అబ్బా ఉన్నారు.

విద్యార్థి మిత్రులారా, మీరు చేత పట్టుకొన్న ఈ సంచికను చూడండి. కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుంచి తెరిస్తే తెలుగు. చదివే దిక్కులు వేరు, లిపులు వేరు. కాని కాగితం కొలత ఒక్కటే. అందుకే రెండూ ఒకే కుట్టులో ఇమిడినవి. మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు, వ్యాపారులు అవుతారు, అధికారులు అవుతారు. ఏదో ఒకనాడు ఏదో ఒక కొలతను మార్చే అధికారం మీ చేతికి రావచ్చు. ఆ రోజున, తెల్లవారకముందే చక్రం భుజాన వేసుకొని బస్సు కోసం ఏడు కిలోమీటర్లు నడుస్తున్న కుర్రవాడు ఒకడు ఉన్నాడని జ్ఞాపకం ఉంచుకోండి. ఆ కుర్రవాడు తరువాత డిగ్రీ పూర్తిచేసినాడు. సైకిలు ఇప్పుడు అతని చెల్లెలు త్రొక్కుతున్నది. వెనుక టైరు అరిగినదని మొన్న ఫోను చేసినప్పుడు, “ఎంత సైజు?” అని నేను అడగకముందే అతడు అన్నాడు: “ఐదు, ఎనిమిది, నాలుగు సార్.”